యూసీ వెళ్లిందో లేదో ముందు కనుక్కో

అమ్మలూ,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు యూనియన్‌లో గెలిచావట, ఇక మీ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి ఢిల్లీ నుంచి రావలసిన నిధుల మీద కదులుతానంటున్నావట. చెబుతుంటే దాని గొంతులో ఏడుపూ ఉంది, గొప్పా ఉంది. నాకు ముందు గొప్పే అనిపించింది. మన ఇళ్లలో ఆడపిల్ల మైకు పట్టుకోవడం ఇదే మొదలు. ఆ తర్వాతే నిద్ర పట్టలేదు. 2025లో మీ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల భూమి గొడవప్పుడు మీ పిల్లల్ని పోలీసులు వ్యాన్లెక్కించడం టీవీలో చూసినదాన్ని కదా.

నీకు తెలుసుగా, నేను ఉద్యోగం చేసిందంతా ఒక రాష్ట్ర యూనివర్సిటీ అకౌంట్స్‌లో. విద్యార్థి నాయకులు వినతిపత్రాలు తెచ్చి ఇచ్చే కౌంటరుకి ఇవతలి వైపున కూర్చున్నాను. వాళ్లు వెళ్లిపోయాక లోపల ఏం మాట్లాడుకుంటారో నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

హాజరు తగ్గనివ్వకు. తిండి మానకు. ఐడీ కార్డు ఎప్పుడూ దగ్గర ఉంచుకో. విద్యార్థి ఎన్నికలకి నియమాలు రాసిన లింగ్డో కమిటీ ఖర్చుకి పెట్టిన పరిమితి 5,000 రూపాయలు, ఆ బిల్లులు పారేయకు. ఇవి నీకు ఎవరైనా చెబుతారు.

నేను చెప్పాల్సింది వేరే ఉంది. మా యూనివర్సిటీలో ఒక ఏడు ఆడపిల్లల హాస్టల్ కట్టడం మధ్యలో ఆగిపోయింది. యూనివర్సిటీలకి కేంద్రం తరఫున గ్రాంట్లిచ్చే యూజీసీ మొదటి విడత డబ్బు ఇచ్చింది, పిల్లర్లు లేచాయి, రెండో విడత రాలేదు. ఇనుప చువ్వలు వానకి తడిసి తుప్పు పట్టాయి. పాత హాస్టల్లో ఇద్దరుండాల్సిన గదిలో నలుగురు, మంచాల కింద పెట్టెలు, బాత్రూముల దగ్గర తెల్లవారుజామున నాలుగింటికే క్యూ. పిల్లలు ఊరుకుంటారా? ఒంగోలు వైపు నుంచి వచ్చిన కుర్రాడొకడు ముందు నిలబడ్డాడు. మాటకారి, మంచివాడు. మా సెక్షన్‌కి వచ్చినప్పుడు అటెండరుని కూడా 'అన్నా' అనే పిలిచేవాడు. వీసీ బంగళా ముందు టెంటు వేశారు, రిలే దీక్షలు చేశారు, రోడ్డు మీద బైఠాయించి బస్సులు ఆపారు. 'కేంద్రం మోసం' అని రాసిన బ్యానరు పరిపాలనా భవనానికి ఎదురుగానే వేలాడేది. చివరికి చందాలు పోగు చేసుకుని హైదరాబాద్‌లో యూజీసీ ఆఫీసుకి వెళ్లారు. అక్కడ అధికారి ఫైలు తెప్పించి వాళ్ల ముందు పెట్టాడు. మొదటి విడత ఖర్చయినట్టు యుటిలైజేషన్ సర్టిఫికెట్, అదే యూసీ, పంపమని మా యూనివర్సిటీకి రెండుసార్లు రాసిన ఉత్తరాలు అందులో ఉన్నాయి. జవాబు లేదు. యూసీ వెళ్లనిదే రెండో విడత రాదు, అది నియమం.

ఆ యూసీ ఎక్కడుందనుకున్నావు? టెంటుకి ఎదురుగా ఉన్న ఆ భవనంలోనే, ఇంజనీరింగ్ వాళ్ల లెక్కకీ ఆడిట్ లెక్కకీ పొంతన కుదరక ఒక బీరువాలో పడి ఉంది. పిల్లలు 'డౌన్ డౌన్' అని అరుస్తుంటే దాని పక్కన కూర్చున్నవాళ్లు టీ తాగుతున్నారు. తిట్లన్నీ ఢిల్లీకి పోతున్నాయి కదా, వాళ్లకేం బాధ? ఆ నెలల్లో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, లోపలికొచ్చి 'యూసీ పంపారా, పంపితే ఏ తేదీన' అని అడిగి ఉంటే ఆ సాయంత్రమే ఫైలు కదిలేది. అప్పుడు సమాచార హక్కు చట్టం లేదు, నిజమే. కానీ నోరుందిగా.

ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి దాటిపోయింది. డబ్బు ఆ తర్వాతెప్పుడో వచ్చింది, హాస్టలూ లేచింది, పోట్లాడిన పిల్లలు మాత్రం అప్పటికి చదువు ముగించుకుని వెళ్లిపోయారు. బస్సులు ఆపిన రోజు పెట్టిన కేసు మాత్రం వెళ్లలేదు. ఆ కుర్రాడికి ఉద్యోగం చేతిదాకా వచ్చి పోలీసు వెరిఫికేషన్ దగ్గర ఆగింది. వాయిదాలకి తిరుగుతూ ఒకసారి బస్టాండులో కనబడ్డాడు. 'మేడమ్, బాగున్నారా' అని వాడే పలకరించాడు. నాకు మాట రాలేదు.

అందుకే అమ్మలూ, డబ్బు చాలడం లేదని గొంతెత్తే ముందు ఏ డబ్బు, ఎక్కడ ఆగింది, ఎవరి బల్ల మీద ఆగింది, ఈ మూడూ తెలుసుకో. మీకు వచ్చే గ్రాంటు ఒకే ముద్దగా రాదు. జీతాలది 36వ పద్దు, రోజువారీ ఖర్చులది 31, కట్టడాలూ పరికరాలదీ 35. ఒకదాంట్లోది తీసి ఇంకోదాంట్లో పెట్టడానికి వాళ్లకి వీల్లేదు. కొత్త హాస్టల్ కావాలంటే ఒక పద్దు, ఉన్న హాస్టల్ కారుతుంటే ఇంకో పద్దు. రెండూ కలిపి 'నిధులు పెంచాలి' అని రాస్తే, 'పెంచాం కదా' అని జీతాల పద్దు చూపించి పంపేస్తారు. ఇలా పంపేయడం మా వాళ్లకి వెన్నతో పెట్టిన విద్య.

పేపరు హెడ్డింగు చూసి ప్లకార్డు రాయకు. 2024 బడ్జెట్‌లో యూజీసీకి ఇచ్చేది 6,409 కోట్ల నుంచి 2,500 కోట్లకి పడిపోయిందని గగ్గోలు లేచింది. అంకె నిజమే. కానీ అదే పత్రంలో కేంద్రీయ విశ్వవిద్యాలయాల పద్దు 12,000 కోట్ల నుంచి 15,928 కోట్లకి పెరిగింది. రెండూ చదవకుండా మీలాంటి యూనివర్సిటీ వాళ్లు మొదటిది పట్టుకుని వెళితే, ఎదుటివాడు నవ్వి రెండోది తీస్తాడు. ఆ తర్వాత నువ్వు చెప్పే నిజం కూడా వాడు వినడు. దేశ ఆదాయంలో 6 శాతం చదువుకి ఇవ్వాలన్న కొఠారీ కమిషన్ మాట కూడా పిటిషన్ మొదటి పేరాలో పెట్టకు. 1966 నుంచి అందరూ అదే రాస్తున్నారు, 2020 విద్యా విధానంలో ప్రభుత్వమూ అదే రాసుకుంది. అది కనబడగానే గుమాస్తా కళ్లు కింది పేరాకి జారిపోతాయి.

2015 అక్టోబరులో, నెట్ పరీక్ష పాసవకుండా పరిశోధన చేసే పిల్లలకిచ్చే నాన్ నెట్ ఫెలోషిప్ ఎత్తేస్తామంటే పిల్లలు ఢిల్లీలో యూజీసీ ఆఫీసు ముందు కూర్చున్నారు గుర్తుందా? ఎంఫిల్‌కి నెలకి 5,000, పీహెచ్‌డీకి 8,000. ఏది పోతోందో, ఎంత పోతోందో, ఎవరు తీసేస్తున్నారో కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. దెబ్బలూ తిన్నారు, అది తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఫెలోషిప్ నిలబడింది. అడిగితే అలా అడగాలి.

కొత్త భవనం వస్తోందంటే సంబరపడిపోకుండా డబ్బు గ్రాంటా, హెఫా అప్పా అని అడుగు. యూనివర్సిటీల కట్టడాలకి అప్పులివ్వడానికి కేంద్రం 2017లో కెనరా బ్యాంకుతో కలిసి పెట్టిన సంస్థ అది. అసలులో ఎంత భాగం ప్రభుత్వం కడుతుంది, ఎంత యూనివర్సిటీ సొంత రాబడి నుంచి కట్టాలి, కాగితం మీద చూడు. సొంత రాబడి అంటే చాలావరకు మీ ఫీజులే.

ఇవన్నీ తెలియడానికి ఎవరినీ బతిమాలక్కర్లేదు. మీ యూనివర్సిటీ లెక్కలు కాగ్ ఆడిట్ అయ్యి పార్లమెంటు ముందుకి వెళతాయి. లేనిదానికి పది రూపాయలు కట్టి ఆర్టీఐ వెయ్యి, 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అప్పీలుంది. వేసేటప్పుడు 'నిధుల వివరాలు ఇవ్వండి' అనకు. ఫలానా గ్రాంటు తాలూకు యూసీ నకలు, పంపిన తేదీ అని అడుగు. బడ్జెట్ వచ్చాక ఫిబ్రవరిలో ధర్నా చేస్తే నీకు ఫొటో మిగులుతుంది, అంతే. అంచనాలు అంతకు ముందు ఏడాది చివరి నెలల్లోనే పైకి వెళతాయి. మీ ఫైనాన్స్ కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో ఈ వారమే కనుక్కో.

వినతిపత్రం ఒక పేజీ దాటకూడదు. అందినట్టు ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోకుండా ఆ గది బయటికి రాకు. లింగ్డో నియమం ప్రకారం ఆఫీస్ బేరర్‌గా ఒక్కసారే పోటీ చేయాలి కదా, ఆ సంగతి మా వాళ్లకి మహా బాగా తెలుసు. 'ఏడాది ఆగితే వీళ్లు పోతారు' అనేవారు, నా చెవులతో విన్నాను. కాబట్టి మొదటి రోజు నుంచే ఒక ఫైలు పెట్టు. పోయేటప్పుడు వచ్చేవాళ్లకి అప్పజెప్పు, వాళ్లు వేరే పార్టీ పిల్లలైనా సరే. వాళ్లు నిన్ను ఎన్ని మాటలన్నా సరే.

మా దగ్గర ఎనభైల చివర్లోనే ఎన్నికలు తీసేశారు. అందుకే మా పిల్లలు ఏ హోదా లేకుండా గేటు బయట అరవాల్సి వచ్చేది. నీకు ఓట్లేసి లోపల కుర్చీ ఇచ్చారు. వెళ్లి కూర్చో, మొహమాటపడకు. అసలు మీ యూనివర్సిటీ పుట్టిందే ఉద్యమాల తర్వాత, 1973 ఆరు సూత్రాల ఒప్పందంలోంచి. అడగడం అక్కడ తప్పేం కాదు.

రోడ్డు మాత్రం ఆపొద్దు. ఇంకేం చేసినా నీ ఇష్టం. నన్ను పిరికిదంటావు, అను. ఒకవేళ ఎక్కడికైనా తీసుకెళ్లారంటే మీ అమ్మకి కాదు, ముందు నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే. వకీలు నంబరు రాసి పెట్టుకున్నాను.

పిటిషన్ ముసాయిదా వాట్సాప్‌లో పంపు, దిద్ది పంపుతాను. పీడీఎఫ్ పంపకు, నా ఫోన్లో తెరుచుకోవడం లేదు. జిరాక్సులకని రెండు వేలు ఫోన్‌పే చేశాను, మళ్లీ వెనక్కి పంపావంటే ఊరుకోను.

మీ పెద్దమ్మ