చాటుగా కాదు, చెప్పి వెళ్లండి

ఆమదాలవలస నుంచి రాసిన అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బాబుకి పదో నెల. నెల కిందటి దాకా ఎవరెత్తుకున్నా వెళ్లిపోయేవాడు, ఇప్పుడు మీరు స్నానానికి వెళ్లినా తలుపు దగ్గర కూర్చుని ఏడుపే. అందుకని మీ అత్తగారు వాడికి కాకిని చూపిస్తుంటే మీరు పెరటి గుమ్మంలోంచి జారుకుని స్కూలుకి ఆటో ఎక్కేస్తున్నారు. పైగా "సంక దించకుండా పెంచేసినావు, అందుకే ఈ గుంటడికి ఎవులూ అక్కర్లేదు" అని సాధింపు.

మీరేం పాడుచెయ్యలేదు. వాడికి కొత్తగా ఒక సంగతి తెలిసింది, అంతే.

ఆరు నెలలప్పుడు గిలక్కాయ మీద తువ్వాలు కప్పేస్తే, అసలదెప్పుడూ లేనట్టే వేరేవైపు చూసేవాడు కదా? ఎనిమిది, తొమ్మిది నెలలొచ్చేసరికి పిల్లలు ఆ తువ్వాలు లాగి చూస్తారు. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశీలించిన స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త పియాజే తన ముగ్గురు పిల్లలతో ఇలాగే ఆడి, గమనించి, 1937లో పుస్తకం రాశాడు. అంతకన్నా ముందే పసివాళ్లకి కొంత తెలుస్తుందని తర్వాతి పరిశోధకులు అన్నారు, అది వేరే సంగతి. మీ వాడికి ఇప్పుడు అమ్మ కనపడకపోయినా ఎక్కడో ఉందని తెలుసు, ఎప్పుడొస్తుందో మాత్రం తెలీదు. ఏడవక ఏం చేస్తాడు!

ఆ తెలివి కూడా ఇంకా సగమే. రెండు తువ్వాళ్లు పరిచి, చెంచాని మూడుసార్లు కుడిదాని కింద దాచి తీయనివ్వండి, నాలుగోసారి వాడు చూస్తుండగానే ఎడమదాని కింద పెట్టండి. చాలావరకు మళ్లీ కుడిదే లాగుతాడు. పియాజే కూతురైతే పదిహేను నెలలప్పుడు, తండ్రి తోటలో ఎదురుగా నిలబడి ఉన్నా, "నాన్నేడీ" అంటే ఆయన పనిచేసుకునే గది కిటికీ వైపు చూపించింది. మీరు వెళ్లాక వంటింట్లోకే పాకుతున్నాడని రాశారే, అదీ అందుకే: అలవాటుగా మీరు కనపడే చోటే వెతుకుతున్నాడు.

కాబట్టి ఆ పెరటి గుమ్మం మానేయండి. చెప్పకుండా మాయమైతే వాడు మిమ్మల్ని ఇంకా గట్టిగా పట్టుకుంటాడు. వీధి గుమ్మంలో రోజూ ఒకేలా ముద్దుపెట్టి, టాటా చెప్పి, ఏడ్చినా వెనక్కి రాకుండా వెళ్లండి. ఆదివారం చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని దోబూచులాడండి, పక్క గదిలోకి వెళ్లి అక్కణ్ణుంచి పిలుస్తూ ఉండండి. వారం పది రోజులు కష్టమే.

అత్తగారితో వాదన పెట్టుకోకండి. ఆ తువ్వాళ్ల ఆటేదో ఆవిడ చేతే ఆడించండి.