పిల్లికూనకు ఏ మందు అని అడిగేముందు ఒళ్ళు తాకి చూడండి

మీ ప్రశ్న ఇదీ: కావలిలో తుఫాను వాన కురిసిన రాత్రి గోడపక్కన ఒంటరి పిల్లికూన దొరికింది. వయసు మూడు వారాలుండొచ్చు. రెండు కళ్ళూ చీముతో అతుక్కున్నాయి, ముక్కు కారుతోంది, ఆవుపాలు పట్టబోతే మింగడం లేదు. మెడికల్ షాపులో ఏ చుక్కలు అడగాలి?

చుక్కల సంగతి తర్వాత. అసలు సంగతి మీ ప్రశ్నలో లేదు. కూన ఒళ్ళు వెచ్చగా ఉందా, చల్లగా ఉందా? చెవులు, అరికాళ్ళు, నోటి లోపల వేలితో తాకి చూడండి. నోరు లోపల చల్లగా తగిలితే ఈ రాత్రికి దాని ప్రాణాన్ని తీసేది కంటి చీము కాదు, చలి. పాలు మింగడం లేదంటే అది మొండితనం కాదు. ఒళ్ళు చల్లబడితే పేగులు కదలవు, మింగే శక్తి పోతుంది. అప్పుడు బలవంతంగా పోసిన పాలలో కొంత ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మిగతాది కడుపులో కదలకుండా పులిసి పొట్ట ఉబ్బుతుంది. దొరికిన కూనలు చనిపోయినప్పుడు ‘జబ్బుతో పోయింది’ అంటారుగానీ, వాటిలో కొన్నిటిని తీసుకుపోయేది ప్రేమతో పోసిన ఆ మొదటి గిన్నెడు పాలే.

డిజిటల్ థర్మామీటరు ఒకటి తెచ్చి దాని కోసమే పక్కన పెట్టండి. కొనకు వ్యాసలీన్ రాసి, తోక కింద అర అంగుళం కన్నా లోపలికి పోనివ్వకుండా పెట్టండి. మూడు వారాల కూనకు 37, 38 డిగ్రీల దగ్గర ఉండాలి. 35 కన్నా తక్కువ చూపిస్తే, అంటే ఫారెన్‌హీట్‌లో 95, పాలు ముట్టించొద్దు.

వేడి ఎట్లా పెట్టాలో కాస్త వివరంగా చెబుతాను, పొరపాట్లన్నీ ఇక్కడే జరుగుతాయి. తడిసి ఉంటే ముందు పొడి తువ్వాలుతో ఒత్తండి, గట్టిగా రుద్దొద్దు. ఒళ్ళంతా బురదే అయినా ఈ రాత్రి స్నానం వద్దు. అట్టపెట్టెలో పాత లుంగీయో చీరముక్కో పరవండి. లీటరు సీసాలో చెయ్యి పట్టగలిగేటంత వేడి నీళ్ళు పోసి, మూత బిగించి, దానికి తువ్వాలు రెండు చుట్లు చుట్టి పెట్టెలో ఒక పక్కకే పెట్టండి. రెండో పక్క ఖాళీగా ఉండాలి, వేడెక్కువైతే కూన అటు జరుగుతుంది. గంటన్నరకొకసారి నీళ్ళు మార్చండి. సీసా చల్లారిపోతే అది కూన ఒంటి వేడినే లాగేస్తుంది. సీసా లేకపోతే కాటన్ మేజోడులో గ్లాసుడు పచ్చిబియ్యం పోసి ముడేసి, పొడి పెనం మీద తిప్పుతూ వెచ్చబెట్టి వాడండి. నవంబరు, డిసెంబరు నెలల్లో మన తీరం మీద తుఫాను పడితే కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు గదా, అందుకే కరెంటుతో నడిచే ప్యాడ్‌ల మీద ఆధారపడొద్దంటాను. హెయిర్ డ్రైయరు, పొయ్యి పక్కన కూర్చోబెట్టడం, బల్బు దగ్గరగా వేలాడదీయడం వద్దే వద్దు. చర్మం ఒక్కసారిగా వేడెక్కితే రక్తమంతా పైకి పరిగెత్తుకొచ్చి గుండెకు అందదు. 35 దాటడానికి గంట నుంచి మూడు గంటలు పట్టనివ్వండి.

ఆ రెండు మూడు గంటలూ కడుపు ఖాళీయేగా అని మీకు గాబరాగా ఉంటుంది. 50 మి.లీ. గోరువెచ్చటి నీళ్ళలో ఒక చెంచా, అంటే సుమారు 5 గ్రాములు, వాసనలూ రంగులూ లేని గ్లూకోజు పొడి కలపండి. వేలికొనతో రెండు మూడు చుక్కలు చిగుళ్ళకు రాయండి, పది పదిహేను నిమిషాలకొకసారి. రాయడమే, పోయడం కాదు. చిగుళ్ళ మీదనుంచే కొంత ఒంట్లోకి పోతుంది.

ఒళ్ళు వెచ్చబడ్డాక కళ్ళు, ముక్కు. పాలకన్నా ముందు వీటిని శుభ్రం చేయమనడానికి కారణముంది. పిల్లికి ఆకలి పుట్టేది వాసనతో. ముక్కు మూసుకుపోయిన కూనకు పాలగిన్నె కూడా మట్టిగిన్నెతో సమానం. మెడికల్ షాపులో నార్మల్ సెలైన్ సీసా దొరుకుతుంది. రాత్రి దొరక్కపోతే పావు లీటరు నీళ్ళు మరగకాచి, అర చెంచాకు కొంచెం తక్కువ ఉప్పు కలిపి, గోరువెచ్చగా చల్లార్చండి. దూది తడిపి కంటి మీద రెండు మూడు నిమిషాలు అట్లాగే ఆనించి పట్టుకోండి. పక్కు నానుతుంది. తర్వాత ముక్కు వైపునుంచి చెవి వైపుకు తుడవండి, కంటికొక దూది. ఊడిరాకపోతే మళ్ళీ నానబెట్టండి, గోటితో గిల్లొద్దు, రెప్పలు పట్టి లాగొద్దు. మూడు వారాల కూనకు రెప్పలు ఎప్పుడో విడిపోయి ఉండాలి, 7 నుంచి 14 రోజులకే కళ్ళు తెరుస్తాయి. ఒకవేళ మీ అంచనా తప్పి కూన ఇంకా చిన్నదై, తెరవని రెప్ప కింద ఉబ్బుగా ఉంటే లోపల చీము నిలిచిందన్నమాట. అది డాక్టరు చేతిమీదుగా తెరవాల్సింది. కన్ను తెరిచాక నల్లగుడ్డు మబ్బు పట్టినట్టు కనబడినా, ఉబ్బినట్టున్నా రేపటికి వాయిదా వేయకండి.

ముక్కు రంధ్రంలో ఒక్కొక్క చుక్క సెలైన్ వేసి, బయటి చీమిడి తుడవండి. బాత్‌రూములో బకెట్టు వేడినీళ్ళు పెట్టి తలుపు మూసి పది నిమిషాలు ఆ ఆవిరిలో ఒడిలో పెట్టుకుని కూర్చోండి, రోజుకు మూడుసార్లు. ఆ నీళ్ళలో బామ్ కలపొద్దు. కర్పూరం, యూకలిప్టస్ నూనె పిల్లికి విషం.

ఇక మీరడిగిన చుక్కలు. ఈ వయసు కూనల్లో కళ్ళు, ముక్కు కలిపి పాడయ్యేది ఎక్కువగా పిల్లుల హెర్పిస్ వైరస్, కాలిసి వైరస్, క్లమిడియా అనే బ్యాక్టీరియా వల్ల. పైన వేరే బ్యాక్టీరియా చేరి చీము పడుతుంది. వైరస్‌కు యాంటీబయాటిక్ పనిచేయదు, పైన చేరినదాన్ని అణుస్తుంది. హెర్పిస్ ఉంటే కంటిగుడ్డు మీద పుండు పడే వీలుంది. అందుకే షాపులో ‘కలకకు ఇది బాగా పనిచేస్తుందండీ’ అని ఇచ్చే సీసా మీద సన్నక్షరాలు చదవండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, వీటిలో ఏది కనబడినా తిరిగి ఇచ్చేయండి, ఇవన్నీ స్టెరాయిడ్లు. స్టెరాయిడ్ ఎర్రదనాన్ని తగ్గించి, లోపల పుండును పెంచి, కంటిని పోగొడుతుంది. స్టెరాయిడ్ లేని క్లోరాంఫెనికాల్, టోబ్రామైసిన్ లాంటివి డాక్టర్లు రాస్తారు. ఏది, రోజుకు ఎన్నిసార్లు అన్నది కన్ను చూసినవాళ్ళే చెప్పాలి.

లోపలికిచ్చే మందు విషయంలో మన ఊళ్ళలో జరిగేది చూస్తే బాధేస్తుంది. ‘చిన్నపిల్లలకిచ్చేదేగా, నాలుగు చుక్కలు వెయ్యి’ అని పారాసెటమాల్ పోస్తారు. పసిపిల్లల చుక్కల మందులో మి.లీ.కు 100 మి.గ్రా. ఉంటుంది. నాలుగు చుక్కలంటే ఇంచుమించు 20 మి.గ్రా. మీ కూన మూడు వందల గ్రాములుంటే అది ప్రాణం తీసే మోతాదే. పిల్లి కాలేయానికి ఆ మందును విరిచే శక్తి లేదు. రక్తం ప్రాణవాయువును మోయలేక గోధుమరంగుకు తిరుగుతుంది, చిగుళ్ళు నీలంగా మారి, ముఖం వాచి, కూన చనిపోతుంది. ఐబుప్రొఫెన్ కూడా వద్దు. అట్లాగే డాక్సీసైక్లిన్. క్లమిడియాకు అది మంచి మందే, కానీ కిలోకు రోజుకు 10 మి.గ్రా. చొప్పున లెక్కేస్తే మీ కూనకు 3 మి.గ్రా. మనుషుల బిళ్ళ 100 మి.గ్రా. దాన్ని ముప్పై మూడు ముక్కలు ఎవరు చేయగలరు? అందుకే బరువు తూచి డాక్టరు కలిపిచ్చే ద్రవమే వాడాలి.

పాలు. ఆవుపాలు, గేదెపాలు వద్దు, విరేచనాలు పట్టుకుంటాయి. ఉన్న నీరంతా అట్లా పోతే జబ్బుకన్నా ముందు అదే ముంచుతుంది. పిల్లికూనల పాలపొడి నెల్లూరు, ఒంగోలు పెట్ షాపుల్లో అడగండి, లేకపోతే ఆన్‌లైన్‌లో తెప్పించండి. అది వచ్చేదాకా ఒకటి రెండు రోజులకు, కాచి గోరువెచ్చగా చల్లార్చిన 100 మి.లీ. మేకపాలలో ఒక కోడిగుడ్డు పచ్చసొన కలిపి వడకట్టి వాడొచ్చు. మన పల్లెల్లో మేకలవాళ్ళకు కొదవలేదు. మిగిలింది ఫ్రిజ్‌లో ఒక్కరోజే.

సూది తీసేసిన 2 మి.లీ. సిరంజి తీసుకోండి. పసిబిడ్డకు పట్టినట్టు వెల్లకిలా పట్టొద్దు, ఇది అందరూ చేసే తప్పు. తల్లి దగ్గర ఎట్లా తాగుతుందో అట్లా, పొట్ట కింద ఆనించి, తల కాస్త పైకి. నోటి మూలనుంచి ఒక్కో చుక్క, మింగాక ఇంకో చుక్క. కడుపులో పట్టేది వంద గ్రాముల బరువుకు 4 మి.లీ. మాత్రమే. అంటే మూడు వందల గ్రాముల కూనకు ఒక విడతకు 12 దాటకూడదు, రోజు మొత్తానికి 60 మి.లీ. దాకా. కానీ జబ్బు కూనకు మొదటి రాత్రి 3, 4 మి.లీ.లతో, రెండు గంటలకొకసారి మొదలెట్టండి. ముక్కులోనుంచి పాలు వస్తే వెంటనే ఆపి తల కిందికి వంచి తుడవండి. ప్రతి విడత తర్వాత తడి దూదితో తోక కింద మెల్లగా రుద్దండి. ఈ వయసుకు కొన్ని ఇంకా తమంతట తాము మూత్రం పోయలేవు. మూత్రం ముదురు పసుపుగా ఉంటే ఒంట్లో నీరు తక్కువన్నట్టే. చర్మం గిల్లి చూసే పద్ధతి ఇంత చిన్నవాటిలో నమ్మదగింది కాదు.

వంటింటి డిజిటల్ త్రాసు మీద పొద్దున, సాయంత్రం తూచి కాగితం మీద రాయండి. రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. ఒక రోజంతా పెరగకపోతే ఏదో తేడా ఉంది. పదో వంతు తగ్గితే ఆగకుండా బయలుదేరండి. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, చిగుళ్ళు సున్నంలా తెల్లగా ఉన్నా, వాంతులూ నీళ్ళవిరేచనాలూ కలిసి వచ్చినా అంతే. చిగుళ్ళు తెల్లబడటానికి కొన్నిసార్లు బొచ్చులో గెంతే పురుగులే కారణం, అవి రక్తం పీల్చేస్తాయి. ఒళ్ళు వెచ్చబడి కుదుటపడ్డాక, వెచ్చటి నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బునీళ్ళతో మెడనుంచి మొదలెట్టి కడిగి, సన్నపళ్ళ దువ్వెనతో దువ్వి వెంటనే ఆరబెట్టండి. కుక్కల పురుగుల మందు చల్లొద్దు, వాటిలో చాలావాటిలో ఉండే పెర్మెత్రిన్ పిల్లిని చంపుతుంది.

ప్రభుత్వ పశువైద్యశాలకు పోయేటప్పుడు సీసాతో సహా పెట్టెను ఎత్తుకుపోండి. సంచార పశువైద్యం కోసం 1962కు ఫోన్ చేసి అడగొచ్చు, అయితే వాళ్ళ పని ఎక్కువగా బర్రెలూ గొర్రెలతోనే. అక్కడి డాక్టరు పిల్లులను అరుదుగా చూసేవారైనా కంగారు పడకండి. బరువు ఇంత, ఉష్ణోగ్రత ఇంత, చివరిసారి మూత్రం ఇన్నింటికి పోసింది అని అంకెలతో చెబితే సరైన మోతాదు ఇవ్వడం వాళ్ళకు తేలిక. నీరు తగ్గి ఉంటే వెచ్చబెట్టిన రింగర్స్ లాక్టేట్ అనే సెలైన్ ద్రవాన్ని చర్మం కింద ఎక్కించమని అడగండి. అప్పటికీ తేరుకోకపోతే తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.

ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే కూనను రెండు వారాలు వేరే గదిలో ఉంచండి. దాని గిన్నె, గుడ్డ, మీ చేతులు కూడా వేరనుకోండి. నేలకు నల్ల ఫినాయిలు, డెట్టాల్ లాంటివి వాడొద్దు. మనకు శుభ్రమంటే ఆ వాసనే గుర్తొస్తుంది, కానీ కూన ఆ నేల మీద నడిచి పాదాలు నాకుతుంది, పిల్లి ఒంటికి అవి పడవు. ఒక వంతు బ్లీచు ద్రవానికి ముప్పై వంతుల నీళ్ళు కలిపి పది నిమిషాలు ఉంచి, మంచినీళ్ళతో కడిగి ఆరనివ్వండి. వాంతులూ విరేచనాలతో చంపే పాన్‌ల్యూకోపీనియా వైరస్ నేల మీద ఏడాది దాకా బతుకుతుంది, దాన్ని అణిచేది ఇదే.

సిరంజి పట్టేటప్పుడు పన్ను దిగినా, గోరు గీసుకుని రక్తం వచ్చినా పదిహేను నిమిషాలు సబ్బుతో, పారే నీళ్ళ కింద కడిగి, అదే రోజు పీహెచ్‌సీకి పోయి రేబిస్ టీకా వేయించుకోండి. అక్కడ చర్మంలోకి ఇచ్చే టీకా 0, 3, 7, 28వ రోజుల్లో ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు. పిల్లికూనేగా అని వదిలేయకండి.

నాలుగో రోజుకో ఐదో రోజుకో కళ్ళు తేటబడి, పాలగిన్నె వాసనకు తల తిప్పుతుంది. మందు మానేసేది చాలామంది ఆ రోజే. డాక్సీసైక్లిన్ ఇచ్చుంటే క్లమిడియాకు నాలుగు వారాలు పూర్తిగా వాడాలి, లేకపోతే కండ్లకలక తిరగబెడుతుంది. ప్రతిసారీ మందు వెనక 2 మి.లీ. నీళ్ళు పట్టండి, మందు అన్నవాహికలో ఆగితే అక్కడ పుండు పడి ఆ దారి సన్నబడుతుంది.