తాళం తీశాక కాపలా ఎవరు?

ప్రశ్న: ఫోన్ తెరవడానికి పిన్, వేలిముద్ర ఉండగా, తెరపై వేలు కదిపే తీరును బట్టి మనిషిని గుర్తించే పద్ధతి ఎందుకు? అందరూ వేలు జరిపేది ఒకేలా కదా, అందులో తేడా ఏముంటుంది?

జవాబు: పిన్ గానీ వేలిముద్ర గానీ తాళం తీసే క్షణంలోనే మనిషెవరని అడుగుతాయి; ఆ తరువాత ఫోన్ ఎవరి చేతుల్లోకి వెళ్లినా వాటికి పట్టదు. తెరిచి ఉన్న ఫోన్‌ను లాక్కుపోయినవాడికీ, పక్కన నిలబడి పిన్ చూసి గుర్తుపెట్టుకున్నవాడికీ తాళం అడ్డు కాదు. స్పర్శ తీరును గమనించే పద్ధతి ఆ తరువాతి కాపలా కోసం వచ్చింది.

ఇక తేడాల సంగతి. ఏదైనా పొడవైన వ్యాసం చదువుతూ మీ బొటనవేలినే గమనించండి. అది తిన్నగా పైకి పోదు. అరచేతిని కలిసే మొదలు దగ్గర తిరుగుతుంది కనుక, దాని దారి కొడవలిలా కొద్దిగా వంగుతుంది. వేలు ఎక్కడ ఆనింది, ఎక్కడ లేచింది, నడుమ ఎంత వేగంగా సాగింది, తెరపై ఎంత మేర ఆనింది, ఒక కదలికకూ మరో కదలికకూ మధ్య ఎంతసేపు ఆగింది అన్నవన్నీ ఫోన్ లెక్కకట్టగలదు. కొందరు చివర నెమ్మదించి వేలు లేపుతారు, కొందరు విసిరినట్టు లేపేస్తారు. నిజానికి ఈ ఆలోచన పాతదే: రెండో ప్రపంచ యుద్ధ కాలంలో శత్రువుల మోర్స్ సంకేతాలను ఆలకించేవారు, చుక్కలూ గీతలూ కొట్టే లయను బట్టే అవతలి ఆపరేటర్ ఎవరో పోల్చుకునేవారు.

2013లో ప్రచురితమైన 'టచలిటిక్స్' అనే పరిశోధనలో 41 మంది వేలి కదలికల నుంచి 30 లక్షణాలను తీసి పరీక్షించారు. పొరపాట్లు రెండు రకాలు: పరాయివారిని రానివ్వడం, అసలు యజమానిని ఆపడం. ఆ రెండూ సమానమయ్యే చోట కొలిచినప్పుడు, తీరు నేర్పిన వారం తరువాత జరిపిన పరీక్షలో కూడా మధ్యగత (వరుసగా పేర్చితే నడుమ వచ్చే) పొరపాటు రేటు 4 శాతానికి లోపే తేలింది. అయితే ఒక్క కదలికతో తీర్పు చెప్పడం కుదరదు, వరుసగా కొన్నింటిని కలిపి చూడాలి. అంటే ఆ కాసేపూ దొంగకు వెసులుబాటు ఉన్నట్టే. అందుకే దీన్ని తాళానికి తోడుగా వాడవచ్చు గానీ, తాళం వాడటమే మానేసి దీన్నొక్కదాన్నే నమ్ముకోవడం సరికాదని నా అభిప్రాయం.

ప్రశ్న: వేలికి కట్టు కట్టుకుంటే నా ఫోనే నన్ను కాదంటుందా? దీన్ని ఎవరూ మోసగించలేరా?

జవాబు: కాదనే అవకాశం ఉంది. నడుస్తూ వాడినా, చేయి మార్చినా, తెర పరిమాణం వేరే అయిన కొత్త ఫోన్ కొన్నా తీరు మారుతుంది. మోసం కూడా సాధ్యమే. పిల్లలు ఆడుకునే లెగో ముక్కలతో కట్టిన రోబో చేత వేలి కదలికలను అనుకరింపజేసి, ఇలాంటి వ్యవస్థల పొరపాట్లను బాగా పెంచవచ్చని 2013లోనే పరిశోధకులు చూపించారు.

అనుమానం వచ్చినప్పుడు ఫోన్‌ను పూర్తిగా మూసేయకుండా మళ్లీ గుర్తింపు అడగడం, అది సరిపోతే మారిన తీరును నేర్చుకోవడం మంచి ఏర్పాటు. కాకపోతే అప్పుడు పిన్ అడగడం కన్నా వేలిముద్ర అడగడమే మేలు. పిన్ చూసి దొంగిలించినవాడు దాన్నే మళ్లీ కొట్టి, తన వేలి తీరును మీ ఫోన్‌కు మీదిగా నేర్పేయగలడు.