తాడు పేనిన చేతుల సంగతి రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల ‘మేజర్ ఈగన్’ నిన్న రాత్రి చదవడం పూర్తిచేశాను. వచనం శుభ్రంగా ఉంది. కానీ ఒకచోట కోపమొచ్చి నిద్ర పట్టలేదు. “సేలంలో కొన్నాళ్ళు తాళ్ళు పేని బతికాడు.” హోవర్డ్ ఈగన్ వృత్తికి నువ్విచ్చింది ఈ ఒక్క వాక్యం. 1851లో అతను చేసిన హత్యకు మాత్రం ఆరు పేజీలు!

1815లో ఐర్లండ్‌లోని టల్లమోర్‌లో పుట్టి, తల్లి పోయాక తండ్రి వెంట కెనడా చేరి, మీసాలు రాకముందే ఓడలెక్కిన మనిషి. మసాచుసెట్స్‌లోని సేలం రేవులో అతనికి అన్నం పెట్టింది తాడు. 1842లో, అమెరికాలో అప్పుడప్పుడే పుట్టిన క్రైస్తవ శాఖ, మోర్మన్ మతం పుచ్చుకున్నాడు. దాన్ని నువ్వు “ఒక వెలుగు అతన్ని తాకింది” అని తేల్చేశావు. ఆ వెలుగు నీకెలా కనిపించిందబ్బాయ్? తాడైతే కనిపిస్తుంది. నార నడుముకి చుట్టుకుని, కొస చక్రానికి తగిలించి, వేళ్ళ సందునుంచి కొద్దికొద్దిగా వదులుతూ వెనక్కి నడవాలి. పొద్దస్తమానం వెనక్కే. అలా నడిచే మనిషి మనసులో కొత్త దేవుడు ఎలా చొరబడ్డాడో రాయి, నమ్ముతాను.

మా అమ్మమ్మ కోనసీమలో కొబ్బరి పీచు తాడు పేనేది. డొక్కలు కాలవలో నానేసి, కర్రతో బాది, పీచు తీసి, రాట్నం తిప్పే పిల్లకి ఎదురుగా ఆమె కూడా వెనక్కే నడిచేది. అరచేతులు గరుగ్గా ఉండి, నా తల నిమిరితే వెంట్రుకలు చిక్కుకునేవి. ఆవిడ మీద నేను రాసిన మొదటి పెద్ద కథలో ఆ పని రెండు పేజీలుండేది. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ రెండు పేజీలూ కొట్టేసి, చివర్లో ఉన్న చావును మాత్రం ఉంచాడు. “పనీపాటా ఎవడు చదువుతాడండీ, కొసమెరుపు కావాలి” అన్నాడు. ఇన్నేళ్ళయినా ఆయన్ని క్షమించలేదు. ఇప్పుడు కొసమెరుపు పోయి ‘అంతస్సంఘర్షణ’ వచ్చింది. మనిషి ఏం చేసి బతికాడో మాత్రం అప్పుడూ అక్కర్లేదు, ఇప్పుడూ అక్కర్లేదు.

‘మేజర్’ అన్న మాట నీకు మత్తెక్కించింది. అది నావూ లీజియన్ అనే మోర్మన్ల సొంత దళంలో హోదా. 1846లో సుమారు 500 మంది మోర్మన్లు అమెరికా సైన్యంలో చేరి మెక్సికో యుద్ధానికి నడిచారు కదా, వాళ్ళ జీతం డబ్బు తెచ్చేందుకు ఈగన్ తోటి మోర్మన్ జాన్ డి. లీతో కలిసి శాంటా ఫే దాకా వెళ్ళాడు. కత్తి దూసిన సన్నివేశం నువ్వు కల్పించావు, జీతాలు మోసిన ప్రయాణం వదిలేశావు! ఆ డబ్బు కోసం మిస్సోరీ నది ఒడ్డున ఎన్ని కుటుంబాలు ఎదురుచూశాయి? అది కదా సైనికుడి కథ.

1847లో ఇప్పటి యూటాలోని సాల్ట్ లేక్ లోయకు చేరిన మోర్మన్ల మొదటి బృందంలో అతనున్నాడు. తర్వాత కాలిఫోర్నియా దారులు పట్టాడు. తిరిగొచ్చేసరికి భార్య టామ్సన్‌కు జేమ్స్ మన్రో వల్ల బిడ్డ. మన్రోని కాల్చి చంపాడు, కోర్టు నిర్దోషి అంది. నువ్వు తుపాకీ పొగ దగ్గరే ఆగిపోయావు. అతను దారుల్లో ఉన్నన్నాళ్ళూ ఆ కొత్త ఊళ్ళో, పిల్లలతో ఆమె పొయ్యి ఎలా వెలిగించింది? కట్టెలెవరు తెచ్చారు? నీళ్ళెక్కడివి? ఆమె పని తెలియకుండా ఆమె తప్పు గురించి ఒక్క మాట రాసే హక్కు నీకూ లేదు, నాకూ లేదు.

యూటా పడమటి అంచున డీప్ క్రీక్‌లో ఈగన్ పశువుల్ని పెంచిన నేల అక్కడి ఆదివాసులు గోషూట్ తెగవాళ్ళది. నీ కథలో వాళ్ళు ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. అదీ చూసుకో.

మన్రో వల్ల టామ్సన్‌కు పుట్టిన ఆ బిడ్డ ఈగన్ ఇంటిపేరుతోనే పెరిగి, ఆ మేజర్ డైరీలను కూర్చి 1917లో అచ్చుకు సిద్ధం చేసిన సంపాదకుడయ్యాడని చివర్లో రాశావు. అక్కడ మాత్రం కాగితం పక్కన పెట్టి కాసేపు కూర్చుండిపోయాను. ఆ వాక్యాల్లో అక్షరం కూడా కదపకు.

ముందు సేలం అధ్యాయం తిరగరాసి పంపు. టామ్సన్ అధ్యాయం దాని తర్వాత. పేజీలు పెరుగుతాయని ఎవరైనా అంటే పెరగనీ.

ఆశీస్సులతో,
మీ మాస్టారు