క్రీస్తు నాలో ఉంటే ఈ ఖాళీ ఏమిటి?

ప్రశ్న: మావారు రోడ్డు ప్రమాదంలో పోయి ఏడు నెలలైంది. ఇద్దరు పిల్లలు, అత్తగారు నా దగ్గరే ఉంటారు. రాత్రి రెండున్నరకి మెలకువ వచ్చిందంటే ఇక నిద్ర లేదు. మోకరిస్తాను గానీ మాట రాదు. వారంలో మూడు రోజులు ఉపవాసం ఉంటున్నాను. దిగులు తగ్గడానికి డాక్టరుగారు మందు రాస్తే, "క్రీస్తు నీలో ఉండగా మాత్రలతో పనేంటి?" అని సంఘంలో ఒకామె అన్నారు. పది రోజులకే మానేశాను. ఆయన నాలో ఉంటే నాకెందుకు తెలియడం లేదు?

జవాబు: అమ్మా, ముందు మందు సంగతి. "మీయందున్న క్రీస్తు, మహిమ నిరీక్షణయై యున్నాడు" అన్న మాట కొలస్సయుల పత్రిక 1:27లో ఉంది. అదే పత్రిక 4:14లో "ప్రియుడైన వైద్యుడు" లూకా వందనాలు చెబుతున్నాడు. క్రీస్తు లోపల ఉన్నాడని ఆ పత్రికలో రాసిన పౌలుకి పక్కన వైద్యుడుండటం తప్పనిపించలేదు. దిగులుకి ఇచ్చే మందుల గుణం తెలియడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి రోజుల్లో కడుపులో తిప్పడం, మగత లాంటివే ముందు కనిపించవచ్చు. మీరు సరిగ్గా అక్కడే ఆపేశారు. మళ్లీ సొంతంగా మొదలుపెట్టకండి. చీటీ తీసుకుని అదే డాక్టరు దగ్గరికి వెళ్లి, ఎన్నాళ్లు వాడారో, ఎప్పుడు మానేశారో చెప్పండి.

ఉపవాసం ఇప్పటికి ఆపేయండి. చచ్చిపోతే బాగుండునని బదరీచెట్టు కింద పడుకున్న ఏలీయా ప్రవక్తను దేవదూత ప్రార్థన చేయమనలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి తినమన్నాడు, నిద్రపోనిచ్చి, మళ్లీ తినమన్నాడు (1 రాజులు 19). మీకూ ఇప్పుడు మూడు పూటలా అన్నం కావాలి.

ఇక మీరు అడిగింది. దిగులు ముదిరితే మనసు మొద్దుబారుతుంది. కూర రుచి తెలియదు, పిల్లల నవ్వు తాకదు. అంతమాత్రాన పిల్లల మీద ప్రేమ పోయిందనుకోరు కదా? ప్రభువు సన్నిధి విషయంలోనూ అంతే. మోకరించిన ప్రతిసారీ "ఇప్పుడైనా ఏమైనా తెలుస్తోందా" అని లోపల వెతుక్కుంటుంటే ప్రార్థన పరీక్షగా మారుతుంది, రోజూ తప్పినట్టే ఉంటుంది. ఆయన మీలో ఉండటం ఆయన మాట మీద నిలిచింది, మీకు తెలియడం మీద కాదు. "మీయందున్న క్రీస్తు" అన్న వచనంలోని "మీ" మర్యాద కోసం ఒక్కరినన్నది కాదు, గ్రీకులో బహువచనం, సంఘమంతటికీ రాసింది. మీ నోట మాట రానప్పుడు పక్కవాళ్ల నోటితో ప్రార్థన జరగొచ్చు.

రాత్రి మెలకువ వచ్చి ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే మంచం దిగండి. ఫోన్ ముట్టుకోకండి. చిన్న లైటు వేసుకుని కుర్చీలో కూర్చుని 13వ కీర్తన మెల్లగా పైకి చదవండి. ఆరే వచనాలు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలవుతుంది, అలా అడగడం అవిశ్వాసమైతే అది బైబిల్లో ఉండేది కాదు. తర్వాత ఉన్నది ఉన్నట్టు ఒక్క మాట: "ప్రభువా, ఖాళీగా ఉంది." అంతే, నిద్ర వచ్చినప్పుడు పడుకోండి.

మిమ్మల్ని అన్నావిడతో వాదనకి దిగకండి. సంఘంలో నెమ్మదస్తురాలిని ఒక్కరిని ఎంచుకుని, "బుధవారం సాయంత్రం అరగంట వచ్చి కూర్చోండి. బోధ వద్దు, ఒక కీర్తన చదివి ప్రార్థన చేయండి" అని విడమరిచి అడగండి. "ప్రార్థన చేయండి" అని ఊరికే అడిగితే సరేనంటారు, ఇంటికి రారు.

అత్తగారికీ కొడుకు పోయాడు. రాత్రి కుటుంబ ప్రార్థన ఐదు నిమిషాలకి కుదించి, పిల్లలు నాన్న పేరు ఎత్తితే ఆపకండి, ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి.

బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకండి. అత్తగారిని లేపి చెప్పండి, లేదా 14416కి ఫోన్ చేయండి. అది మనసు బాగోలేనివారి కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు, రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.