మన ఊళ్లలో ఎవరైనా కుప్పకూలితే సీపీఆర్ (గుండె ఆగినవాళ్ల ఛాతీ నొక్కడం) చేయడానికి ఎవరూ ఎందుకు ముందుకు రారు? మామూలు మనిషి చేస్తే కేసవుతుందా?

వారం సంతలో ఒక పెద్దాయన పడిపోతే చుట్టూ అంతమంది ఉండి కూడా ఒక్కరూ ఛాతీ మీద చెయ్యి వేయలేదని మీరు రాశారు. జనానికి తెలియకనా, మనసు లేకనా అని అడిగారు. నేను నల్గొండ జిల్లాలో, ఎక్కువగా దేవరకొండ వైపు, 108 బండి మీద ఈఎంటీగా, అంటే బండిలో అత్యవసర చికిత్స చేసే మనిషిగా, కొన్నేళ్లు పనిచేశాను. నాకు కనిపించినంతలో మనసు లేక కాదు. తెలియకపోవడం కూడా సగం కారణమే. అసలు అడ్డం ‘నా చేతిలో పోతే ఎట్ల?’ అన్న భయం.

మనవాళ్లు ఊరికే నిలబడరు. మేం బండి దిగేసరికి ఒకరు మొహం మీద నీళ్లు కొడుతుంటారు, ఒకరు అరికాళ్లు రుద్దుతుంటారు, ఒకరు ఉల్లిగడ్డ నలిపి ముక్కు దగ్గర పెడుతుంటారు, ఇంకొకరు గుప్పిట్లో తాళంచెవుల గుత్తి కుక్కుతుంటారు. వీటిలో ఏదీ ఆగిన గుండెకు పనికిరాదు. కానీ చేసినవాడికి మాట రాదు. ఉల్లిగడ్డ వాసన చూపించినవాణ్ణి మర్నాడు ఎవరూ నిలదీయరు. ఛాతీ నొక్కినవాణ్ణి మాత్రం ‘నువ్వు నొక్కినంకనే పోయిండు’ అంటారేమోనని ప్రతివాడికీ లోపల ఉంటుంది.

ఒకసారి కొండమల్లేపల్లి దాటాక ఒక బోరు దగ్గరికి పిలుపు వచ్చింది. స్టార్టర్ డబ్బా ముట్టుకున్న రైతుకు షాక్ కొట్టింది. అప్పటికే ఎవరో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కరెంటు తీశారు, మంచి పని చేశారు. మనిషిని మాత్రం చెట్టు కింద నులక మంచం మీద పడుకోబెట్టి టవల్‌తో విసురుతున్నారు. ‘ఊపిరి ఉందన్నా, గురక పెడుతున్నడు’ అన్నాడు ఆయన బామ్మర్ది. అది ఊపిరి కాదు. గుండె ఆగిన తర్వాత కూడా కొంతమందికి కొద్ది నిమిషాల పాటు అట్లా ఎగశ్వాస వస్తుంది, ఆగి ఆగి, నోరు తెరిచి. అది చూసి బతికే ఉన్నాడని ఆగిపోయేవాళ్లే ఎక్కువ. కిందికి దించి, నొక్కుతూనే ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఆయన దక్కలేదు. తర్వాత ఆ బామ్మర్ది ఆస్పత్రి గేటు దగ్గర ‘ఫోన్ల వీడియో చూసిన్నన్నా, నొక్కాలని తెలుసు. ఏమన్న అయితే మా అక్కకు ఏం జవాబు చెప్పాలె?’ అన్నాడు. మీ ప్రశ్నకు జవాబు ఆ మాటలోనే ఉందనుకుంటాను.

అందుకే ఊళ్లలో ఎవరికైనా చెప్పేటప్పుడు నేను ముందు చేతులు ఎక్కడ పెట్టాలో చెప్పను. గుండె ఆగిన మనిషి అప్పటికే పోయిన లెక్క, నువ్వు నొక్కితే పోయేది ఏమీ లేదు అని చెప్తాను. పక్కటెముక విరగొచ్చు, విరిగితే అతుక్కుంటుంది. ఉత్త కళ్లు తిరిగి పడినవాడైతే నొక్కగానే మూలుగుతాడు, చెయ్యి తోసేస్తాడు, అప్పుడు ఆపేయొచ్చు. నొక్కకపోతే మాత్రం నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. సీపీఆర్ లేకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుందని వైద్యుల లెక్క. తండాలకు మా బండి చేరడానికి పావుగంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పట్టేది. 2005లో 108 వచ్చాక మనకు ఫోన్ చేయడం బాగా అలవాటైంది. బండి వచ్చేదాకా ఏం చేయాలన్నదే ఇంకా అలవాటు కాలేదు.

కేసు సంగతి. రోడ్డు ప్రమాదాల్లో సాయపడినవాళ్లను వేధించకుండా కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను 2016లో సుప్రీంకోర్టు తప్పనిసరి చేసింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ కూడా చేర్చారు. మంచి మనసుతో సాయం చేసినప్పుడు గాయపడినవాళ్లకు ఏమైనా అయినా మీ మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ ఉండదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. మన హైవే పక్క ఊళ్లవాళ్లకు, చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాకా, ఇది తెలిసి ఉండాలి. ఈ సెక్షన్ రోడ్డు ప్రమాదాల గురించే, నిజమే. అయితే ఇంట్లోనో సంతలోనో నొక్కినందుకు కేసైనవాణ్ణి నా సర్వీసులో నేను చూడలేదు.

ఇక చేసే పద్ధతి. భుజం తట్టి పిలవండి. పలకడం లేదు, మామూలుగా ఊపిరి తీయడం లేదు అంటే ఎగశ్వాస ఉన్నా సరే మొదలుపెట్టాలి. ఒకరికి వేలు చూపించి ‘నువ్వు 108కి చెయ్యి, స్పీకర్ పెట్టు’ అనండి. ‘ఎవరన్నా చేయండి’ అంటే ఎవరూ చేయరు. మనిషి గట్టి నేల మీద వెల్లకిలా ఉండాలి. మంచం మీద నొక్కితే నులకే కిందికి పోతుంది, ఛాతీ కదలదు. రొమ్ము మధ్య ఎముక మీద, దాని కింది సగంలో, చెయ్యి మీద చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీ మళ్లీ పైకి రానివ్వాలి. రెండు నిమిషాలకే చేతులు పడిపోతాయి, పక్కవాడికి అప్పగించండి. నోట్లో ఊదడం రాకపోతే వదిలేయండి, నొక్కడం చాలు. పురుగుల మందు తాగినవాళ్ల విషయంలో అయితే నోరు అసలే పెట్టొద్దు. చెరువులోనో కాలవలోనో మునిగినవాళ్లకు, చిన్నపిల్లలకు మాత్రం ఊపిరి ఊదడమూ అవసరమే, అది నేర్చుకున్నవాళ్లు చేస్తే మంచిది.

ఎవరూ పైకి అనని విషయం ఒకటుంది. పడింది ఆడమనిషైతే మగవాళ్లు ఇంకా వెనక్కి జరుగుతారు. బట్టలు తీయనక్కర్లేదు, చీర మీదనే నొక్కొచ్చు అని చెప్పినా టెన్షన్ పోదు. ఉపన్యాసంతో పోయే భయం కాదు ఇది. అందుకే ఆశా కార్యకర్తలకు, మహిళా సంఘాల వాళ్లకు ముందు నేర్పాలంటాను. ఎండాకాలం ఉపాధి హామీ పని దగ్గర అందరూ ఒక్కచోటే దొరుకుతారు, అక్కడైతే ఇంకా నయం.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ రోడ్డు మీదే సీపీఆర్ చేసి ఒక యువకుణ్ణి నిలబెట్టిన వీడియో అందరూ చూశారు. ఆ మార్చిలోనే రాష్ట్రంలో శిక్షణలు కూడా పెట్టారు. కానీ చూడటం వేరు, శిక్షణకు వాడే మనిషి బొమ్మ మీద ఒక్కసారైనా నొక్కి చూడటం వేరు. ఎంత బలంగా నొక్కాలో చేతికి తెలిసినవాడే ఆ సమయానికి ముందుకొస్తాడు. మహబూబ్‌నగర్, నల్గొండ రెండు చోట్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. మీ ఊరి యువజన సంఘం తరఫున ఒక కాగితం రాసి, బొమ్మతో సహా ఎవరినైనా ఒక పూట పంపమని అడిగి చూడండి. బడి సెలవు రోజైతే పిల్లలు కాక పెద్దవాళ్లు వస్తారు.