గొంతు సంగతి తర్వాత, ముందు వాక్యం

చిరంజీవికి ఆశీస్సులు.

రేడియోలో వార్తలు చదవాలని ఉందన్న నీ ఉత్తరం అందింది. "గొంతు బాగుంటేనే రేడియోకి పనికొస్తామా?" అని అడిగావు. ఆడిషన్‌లో గొంతు చూస్తారమ్మా, చూడరని చెప్పను. ఒత్తులు పలుకుతున్నాయా, శ, ష, స తేడా తెలుస్తోందా, ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నావు, ఇవన్నీ గమనిస్తారు. కొన్ని నెలలపాటు రోజూ పొద్దున పేపరు పైకి చదివితే వీటిలో చాలావరకు దారికొస్తాయి. దానికంత టెన్షన్ పడొద్దు. పడితే, నువ్వు చదవబోయే వాక్యం గురించి పడు.

ఉదయం 6.45కి విజయవాడ నుంచి ప్రాంతీయ వార్తలు వస్తాయి కదా, వాటికి పనిచేసేవాళ్లు చీకటితోనే స్టేషన్‌కి చేరతారు. ఏజెన్సీల వార్తలు, జిల్లా విలేకరులు చెప్పినవి, ప్రభుత్వ ప్రకటనలు బల్లమీద పడుంటాయి. అందులో చాలాభాగం ఇంగ్లీషే. ఆకాశవాణిలో ఈ ఉద్యోగాన్ని న్యూస్ రీడర్ కమ్ ట్రాన్స్‌లేటర్ అంటారు. వినేవాళ్లకు తెలిసేది మొదటి సగమే, ప్రాణం తీసేది రెండో సగం. ఇంగ్లీషు వార్తను ఉన్నదున్నట్టు తెలుగులోకి దించితే ఇలా తయారవుతుంది:

"గత నెలలో కురిసిన భారీ వర్షాల కారణంగా దెబ్బతిన్న పంటలకు నష్టపరిహారం చెల్లించాలని డిమాండ్ చేస్తూ కలెక్టర్ కార్యాలయం ఎదుట ధర్నా చేపట్టిన రైతులతో చర్చలు జరిపిన అధికారులు పది రోజుల్లో సర్వే పూర్తి చేస్తామని హామీ ఇచ్చారు."

వ్యాకరణం తప్పేమీ లేదు. పేపర్లో అయితే అర్థం కాకపోయినా మళ్లీ మొదటికెళ్లి చదువుకుంటాం. రేడియోలో మళ్లీ అనేది లేదు. మన భాషలో క్రియ చివర్లో వస్తుంది కాబట్టి, అప్పటిదాకా వానలు, పంటలు, కలెక్టర్, రైతులు అందరినీ వినేవాడు తలమీద మోస్తూ కూర్చోవాలి. అవతల పాలు పొంగుతుంటే ఎవరు మోస్తారు? ఇలా రాసి చూడు:

"పంట నష్టం సర్వే పది రోజుల్లో పూర్తి చేస్తామని అధికారులు హామీ ఇచ్చారు. పరిహారం కోసం కలెక్టర్ ఆఫీసు ముందు ధర్నా చేస్తున్న రైతులతో వాళ్లు మాట్లాడారు. పోయిన నెల వానలకు ఈ పంటలు దెబ్బతిన్నాయి."

కొత్త కబురు ముందొచ్చింది, పాత కబురు వెనక్కి వెళ్లింది. చదివేటప్పుడు నీకూ ఊపిరాడుతుంది. గొంతు బాగాలేదని చాలామంది అనుకునేది నిజానికి వాక్యం పొడవు వల్ల వచ్చిన ఆయాసమేనని నా నమ్మకం.

అంకెల విషయంలో కూడా అంతే. ప్రాజెక్టులోకి 2,43,617 క్యూసెక్కులు వస్తున్నాయని ఏజెన్సీ ఇస్తే, "రెండు లక్షల నలభై మూడు వేలకు పైగా" అంటే చాలు. అయితే భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం చెప్పేటప్పుడు మాత్రం సుమారు లెక్క పనికిరాదు. అక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఏటి ఒడ్డున ఉన్నవాళ్లకు ఆ అంకెలు కంఠతా వచ్చు. అది వినే సామాను సర్దాలా, ఇంకా ఆగాలా అని తేల్చుకుంటారు. ఉన్న అంకె ఉన్నట్టు చెప్పు, రెండుసార్లు చెప్పు, ఎన్ని గంటలకు చూసిన మట్టమో కూడా చెప్పు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద విరుచుకుపడ్డాక కరెంటు లేదు, సెల్ సిగ్నల్ లేదు. అలాంటి రోజుల్లో బ్యాటరీ ట్రాన్సిస్టర్ ఉన్న ఇల్లు వీధి మొత్తానికి వార్తలందిస్తుంది. ఆ పూట నీ గొంతు తియ్యగా ఉందా అని ఎవరూ చూడరు.

పాతవాళ్లను విను. విజయవాడ కేంద్రం నుంచి రామాయణ భారతాలు చెప్పిన ఉషశ్రీని విను. ఆయన గొంతు గురించే అందరూ చెబుతారు, నువ్వు ఆయన ఆగే చోట్లు గమనించు. హైదరాబాద్ నుంచి వార్తలు చదివిన డి. వెంకట్రామయ్య మంచి కథకులు కూడా. వార్తలు చదివే మనిషి కథలు రాయడం కాకతాళీయమని నేననుకోను.

ఇక నువ్వు మొహమాటపడుతూ అడిగిన ప్రశ్న: "అది సర్కారు రేడియో కదా, అక్కడ జర్నలిజం ఏముంటుంది?" 1975 జూన్ 26 ఉదయం ఎమర్జెన్సీ సంగతి ఇందిరాగాంధీ దేశానికి చెప్పింది ఈ రేడియోలోనే. 1997లో ఆకాశవాణిని, దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి వచ్చింది, కాగితం మీద అది స్వతంత్ర సంస్థ. డబ్బు మాత్రం ఇప్పటికీ చాలావరకు ప్రభుత్వానిదే. కుంభకోణాలు బయటపెట్టాలని ఉంటే వేరే చోటు చూసుకో, నేనేమీ అనుకోను. ఇక్కడ నీ చేతిలో ఉండేది చిన్న జాగా. "పనులు ముమ్మరంగా సాగుతున్నాయి" అని రాయడం వేరు, "పనులు ముమ్మరంగా సాగుతున్నాయని మంత్రి చెప్పారు" అని రాయడం వేరు. మొదటి దానికి పూచీ నీది, రెండో దానికి ఆయనది. ఎవరన్నారో చెప్పకుండా ఏ గొప్పా చదవొద్దు. పై అధికారి కొట్టేస్తే కొట్టేయనీ, నువ్వు రాసిచ్చిన కాపీలో మాత్రం ఆ మాట అన్నదెవరో ఉండాలి.

జీతం మాట కూడా చెప్పాలి. మొదట దొరికేది క్యాజువల్ డ్యూటీలే. నెలలో కొన్ని రోజులే పిలుస్తారు, పిలిచిన రోజులకే డబ్బులు. దాన్ని నమ్ముకుని ఇల్లు గడవదు, చేస్తున్న ఉద్యోగం మానేయకు. ప్రైవేటు ఎఫ్‌ఎంలో జీతం కాస్త నయం, కానీ వాటికి సొంతంగా వార్తలు చెప్పే అనుమతి లేదు. అందుకే రేడియో వార్తలంటే మన దేశంలో చివరికి ఆకాశవాణే. ఇది మారాలన్నది నా అభిప్రాయం.

వీలైతే ఒకసారి జహీరాబాద్ దగ్గర మాచనూరుకు వెళ్లు. 2008 నుంచి అక్కడ సంఘం రేడియో నడుస్తోంది. నడిపేది ఊళ్లోని దళిత మహిళలు. విత్తనాలు, పండుగలు, మందుమాకులు, పాటలు, అన్నీ వాళ్ల మాటలోనే. కమ్యూనిటీ రేడియో కాబట్టి వాళ్లూ సొంతంగా వార్తలు చెప్పకూడదు. అయినా ఎదుటి మనిషిని మాట్లాడనివ్వడం ఎలాగో వాళ్ల దగ్గర నేర్చుకున్నంతగా ఏ కోర్సులోనూ నేర్చుకోలేవు.

ఆ మాట ఎందుకన్నానంటే, నువ్వు పంపిన రికార్డింగ్ విన్నాను. మిర్చి రైతు భార్యతో చేసిన ఇంటర్వ్యూ. ప్రశ్నలు బాగున్నాయి, ఒకటి రెండు చోట్ల పొడవెక్కువ. అప్పు సంగతి అడిగాక ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. నువ్వు కంగారుపడి వెంటనే ఇంకో ప్రశ్న వేశావు, ఆమె దానికి జవాబు చెప్పింది. అప్పు ఎంతో, ఎవరి దగ్గర తెచ్చారో ఇక తెలియలేదు. ఆమె ఒప్పుకుంటే మళ్లీ వెళ్లు. అదే అడిగి, ఈసారి ఆమె నోరు విప్పేదాకా ఆగు. పేరు ప్రసారం చేయొచ్చో లేదో ముందే అడిగి తెలుసుకో. ఎడిట్ చేసింది నాకొద్దు, మొత్తం పంపు. ఎక్కడ కత్తిరించాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో.